కుదిపితే గింజలు కలవవు, విడిపోతాయి

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఐదింటికి ఒకేచోట జవాబు రాస్తున్నాను. రాసినవాళ్లకు ఒకరితో ఒకరికి పరిచయం లేదు. ఒకరు వనపర్తిలో మిక్చర్ చేసి అమ్మే ఆమె, ఒకరు కల్వకుర్తి వైపు బడిపిల్లవాడు, ఒకరు మిర్యాలగూడ రైస్ మిల్లులో ఆపరేటర్, ఒకరు దేవరకొండ దగ్గరి రైతు, ఇంకొకరు నల్లగొండలోనే ఉండే పెద్దాయన. అడిగింది మాత్రం దాదాపు ఒకటే: గింజలు, పలుకులు, రాళ్లు, పొడి కలిసి ఉన్నదాన్ని కుదిపితే లోపల ఏం జరుగుతుంది?

నేను నల్లగొండలో డిగ్రీ పిల్లలకు చాలా ఏళ్లు ఫిజిక్స్ చెప్పి రిటైరయ్యాను. నీళ్ల మీద, గాలి మీద సిలబస్‌లో పెద్ద పెద్ద పాఠాలు ఉండేవి. మన జిల్లాల్లో జనం పొద్దున లేస్తే చేత్తో ముట్టుకునే గింజల మీద ఒక్క పేజీ కూడా ఉండేది కాదు. అది నాకు ఇప్పటికీ లోటుగానే ఉంది. అందుకే ఈసారి కాస్త ఎక్కువే రాస్తున్నాను, ఓపికగా చదవండి.

ప్రశ్న: సార్ నమస్తే. నేను ఇంట్లనే మిక్చర్ చేసి వనపర్తి, కొత్తకోట, పెబ్బేరు దుకాణాలకు వేస్తాను. సన్న కారప్పూస, పల్లీలు, పుట్నాలు, కరివేపాకు, ఎల్లిపాయ కారం. పెద్ద డబ్బాలో బాగా కలిపి ఆటోలో పంపుతాను, దుకాణంవాళ్లు అక్కడ ప్యాకెట్లు కట్టుకుంటారు. మొదటి ప్యాకెట్లలో పల్లీలు నిండుగా వస్తున్నాయి, చివరి ప్యాకెట్లలో అంతా పొడే. ‘పల్లీలు తక్కువేస్తున్నవ్’ అని ఒక దుకాణం ఆయన నన్నే అంటున్నడు. కలిపేటప్పుడు నేనేం తక్కువ చేస్తలేను. ఇది ఎట్ల జరుగుతోంది, ఆపేదెట్ల? (ఒక పాఠకురాలు, వనపర్తి)

జవాబు: అమ్మా, మీరు పల్లీలు తక్కువ వేయలేదు, మధ్యలో ఎవరూ తీసుకోనూ లేదు. వనపర్తి నుంచి కొత్తకోట దాకా ఆటో పడ్డ ప్రతి కుదుపూ మీరు కలిపినదాన్ని కొంచెం కొంచెంగా విడదీసింది. ఈ జవాబు ఆ దుకాణం ఆయనకు కూడా చదివి వినిపించండి.

డబ్బా ఊపితే లోపలివి కలుస్తాయని మనందరికీ ఒక నమ్మకం. నీళ్లూ పాలూ అయితే నిజమే. గింజల్లో పెద్దవీ చిన్నవీ ఉన్నప్పుడు జరిగేది దీనికి పూర్తిగా తలకిందులు. ఆటో గుంతలో పడి లేచినప్పుడు డబ్బాలో ఉన్నదంతా ఒక్క క్షణం అడుగును వదిలి పైకి లేస్తుంది. అప్పుడు పలుకుల మధ్య సందులు తెరుచుకుంటాయి. పల్లీ కింద తెరుచుకున్న సందులోకి కారప్పూస ముక్కలు, కారం పొడి చటుక్కున జారిపోతాయి. పల్లీ మళ్లీ దిగేసరికి దాని చోటు కొంత నిండిపోయి ఉంటుంది కాబట్టి అది ఇదివరకటికన్నా వెంట్రుకవాసి ఎత్తులో కూర్చుంటుంది. తిరిగి కిందికి పోవాలంటే దాని కిందున్న చిన్న పలుకులన్నీ ఒకేసారి పక్కకు జరిగి, పల్లీ పట్టేంత చోటు ఇవ్వాలి. అది చాలా అరుదు. చిన్నవి జారడానికి మాత్రం చిన్న సందు చాలు, అలాంటివి ప్రతి కుదుపులో బోలెడు తెరుచుకుంటాయి. వెంట్రుకవాసి చొప్పున ఎక్కి ఎక్కి, ఊరు చేరేసరికి పల్లీలు డబ్బా మూత దగ్గర ఉంటాయి.

దీన్ని శాస్త్రవేత్తలు ‘బ్రెజిల్ నట్ ప్రభావం’ అంటారు. పడమటి దేశాల్లో రకరకాల గింజలు కలిపి డబ్బాల్లో అమ్ముతారు. వాటిలో అన్నిటికన్నా పెద్దది బ్రెజిల్ నట్. మూత తీయగానే ఎప్పుడూ అదే పైన కనిపిస్తుంది. 1987లో ఆంథొనీ రోసాటో, కేథరిన్ స్ట్రాండ్‌బర్గ్, ఫ్రెడ్రిక్ ప్రింజ్, రాబర్ట్ స్వెండ్‌సెన్ అనే నలుగురు కంప్యూటర్‌లో ఈ కుదుపులను లెక్కగట్టి, చిన్నవి సందుల్లోకి జారడం ఒక్కటే ఉన్నా పెద్దవి పైకి చేరతాయని చూపించారు. వాళ్ల పరిశోధనా పత్రం శీర్షికలోనే బ్రెజిల్ నట్ ఉంది, ఆ పేరే నిలిచిపోయింది.

ఇంకా దగ్గరి ఉదాహరణ ఒకటుంది. 2021లో మాంచెస్టర్ విశ్వవిద్యాలయంవాళ్లు బ్రెజిల్ నట్లు, మన పల్లీలు కలిపిన పెట్టెను ఊపుతూ, ఊపిన ప్రతిసారీ ఎక్స్‌రే స్కానర్‌తో లోపలి బొమ్మ తీశారు. మనం ఆసుపత్రిలో తీయించుకునే సీటీ స్కాన్ లాంటిదే. మొదటి బ్రెజిల్ నట్ పైనున్న పదో వంతు భాగానికి చేరడానికి 70 ఊపులు పట్టాయి. మరో రెండు 150 ఊపుల తర్వాత చేరాయి. మిగతావి అడుగు వైపే చిక్కుకుపోయాయి. ఎందుకంటే బ్రెజిల్ నట్ పొడుగ్గా ఉంటుంది, మొదట అడ్డంగా పడుకుని ఉంటుంది. పక్కవాటి తోపులాటలో అది నిలువుగా లేచి నిలబడితేనే పైకి కదలడం మొదలుపెడుతుంది. పైకి చేరాక మళ్లీ అడ్డంగా పడుకుంటుంది. అక్కడ పల్లీలు చిన్నవి కాబట్టి అవి కిందికి జారాయి. మీ డబ్బాలో కారప్పూస పక్కన అవే పెద్దవి, కాబట్టి పైకి వచ్చాయి. పల్లీ స్వభావం ఏమీ మారలేదు, పక్కన ఏముందన్నదే లెక్క.

ఇక ఆపే మార్గాలు. కారం, ఉప్పు విడిగా చివర చల్లకండి. కారప్పూస, పల్లీలు ఇంకా వెచ్చగా, నూనె తడి మీద ఉన్నప్పుడే వేసి పట్టించండి. పలుకుకు అంటుకున్న పొడి జారదు, ఒట్టిగా ఉన్న పొడే జారుతుంది. కారప్పూసను మరీ నలిగిపోనివ్వకండి. ముక్కల సైజు పల్లీకి దగ్గరగా ఉంటే విడిపోవడం నెమ్మదిస్తుంది. డబ్బాను మూత దాకా ఒత్తుగా నింపండి, పైన జానెడు ఖాళీ ఉంచితే పలుకులు ఎగరడానికి చోటిచ్చినట్టే. డబ్బా నుంచి ఒక కుప్పగా బేసిన్‌లోకి వంచడం కూడా మంచిది కాదు. కుప్ప పోస్తే పెద్దవి వాలు మీద దొర్లి అంచులకు పోతాయి, సన్నవి పడ్డచోటే నడుమ ఉండిపోతాయి. అంటే కుదుపు లేకపోయినా పోయడంలోనే సగం విడిపోతుంది. మీ దుకాణదారు పైనుంచి గరిటెతో తీస్తే ఒక రకం, నడుమ నుంచి తీస్తే ఇంకో రకం ప్యాకెట్ వస్తుంది.

అన్నిటికన్నా నమ్మకమైనది ఇంకొకటి ఉంది. ప్యాకెట్లు మీరే ఇంట్లో కట్టండి. పల్లీలు, పుట్నాలు వేరేగా పెట్టుకుని ప్యాకెట్టుకు ఇన్ని చెంచాలని ముందే వేసి, పైన కారప్పూస నింపి మూతి అంటించండి. తర్వాత ఆటో ఎంత కుదిపినా ఒక ప్యాకెట్టులోని పల్లీ ఇంకో ప్యాకెట్టులోకి పోలేదు. పని పెరుగుతుంది, నిజమే. కానీ మాట పడేది మీరు, లాభం పోయేదీ మీకే, కాబట్టి నా సలహా ఇదే.

మందుల కంపెనీలకూ ఇదే పెద్ద టెన్షన్. మన జడ్చర్ల దగ్గర పోలేపల్లి సెజ్‌లో మాత్రలు తయారవుతున్నాయి కదా. మాత్రలో అసలు మందు కొంచెమే ఉంటుంది, మిగతాది పిండి లాంటి పదార్థం. మందు పొడి ఒక సైజు, పిండి ఒక సైజు అయితే యంత్రం కుదుపుకు అవి విడిపోయి, ఒక మాత్రలో మందు ఎక్కువ, ఇంకోదాంట్లో తక్కువ పడొచ్చు. అందుకే చాలా మాత్రలకు ముందు రెండు పొడులనూ తడిపి, ముద్ద చేసి, ఆరబెట్టి, సమానమైన రవ్వగా చేసుకుని తర్వాత మాత్రలు కొడతారు. మీ కారాన్ని నూనెతో పట్టించమన్నది కూడా ఈ కారణంతోనే.

ప్రశ్న: సార్, నేను తొమ్మిదో తరగతి. మా బడిలో సైన్స్ ఫెయిర్ ఉంది. స్టీలు డబ్బాలో బియ్యం అడుగున నిమ్మకాయ పెట్టి కుదిపితే పైకి వచ్చింది. ఇనుప గోళీ పెట్టినా వచ్చింది! బరువుది మునగాలి కదా సార్? చిన్నవి కిందికి జారడం ఒక్కటే దీనికి కారణమా? ఇంకేమన్నా ఉందా? (ఒక విద్యార్థి, కల్వకుర్తి మండలం)

జవాబు: బిడ్డా, నీ రెండో ప్రశ్న చూసి చాలా సంతోషమేసింది. ఒక కారణం దొరికాక కూడా ఇంకేమన్నా ఉందా అని అడగడమే సైన్స్. ఉంది, నీ ప్రాజెక్టు దాని మీదే చెయ్యి.

కుదిపిన గింజలు డబ్బాలో ఉన్నచోట ఉండవు, తిరుగుతుంటాయి. గోడను ఆనుకున్న గింజలు గోడ రాపిడికి కిందికి లాగబడతాయి. అవి అడుగుకు చేరి నడుమకు తిరిగి, నడుమ నుంచి మెల్లగా పైకి వస్తాయి. పైకి వచ్చాక మళ్లీ అంచుల వైపు జరిగి, గోడ వెంట దిగుతాయి. అంటే నడుమ పైకి, అంచున కిందికి. ఇది ఆగకుండా సాగే ప్రవాహం. నడుమ ఎక్కే భాగం వెడల్పుగా, నెమ్మదిగా ఉంటుంది. గోడ వెంట దిగే భాగం కొద్ది గింజల మందమే, సన్నగా, వేగంగా ఉంటుంది. నీ నిమ్మకాయ నడుమ ప్రవాహంతో పాటు పైకి వచ్చింది. అంచుకు పోయాక కిందికి దిగాలంటే కొద్ది గింజల మందమున్న ఆ సన్న దారిలో పట్టాలి. పట్టదు. అందుకే పైనే ఉండిపోయింది.

దీన్ని 1993లో చికాగో విశ్వవిద్యాలయంలో జేమ్స్ నైట్, హైన్రిక్ జేగర్, సిడ్నీ నాగెల్ తేల్చారు. గాజు పూసలు నింపిన గొట్టంలో కొన్ని పూసలకు రంగు వేసి, ఒక్కో కుదుపూ ఇస్తూ రంగు ఎటు పోతోందో చూశారు. గొట్టంలో పెద్ద పూసా, దాని చుట్టూ ఉన్న చిన్న పూసలూ ఒకే వేగంతో పైకి పోతున్నాయి! సందుల్లోకి జారడమే కారణమైతే పెద్దది చిన్నవాటిని దాటుకుంటూ పోవాలి. అక్కడ అలా జరగలేదు, అన్నీ కలిసి ప్రవాహంలో పోయాయి. కాబట్టి రెండు కారణాలూ నిజమే. కుదుపు తీరును బట్టి, డబ్బాను బట్టి, సైజుల తేడాను బట్టి ఒక్కోచోట ఒక్కోటి బలంగా పనిచేస్తుంది.

గొట్టం నడుమ ఏం జరుగుతోందో పైనుంచి కనపడదు కదా. 1995లో అదే బృందం ఎంఆర్ఐ స్కానర్‌లో పెట్టి చూసింది. దానికి వాళ్లు ఎంచుకున్నవి గసగసాలు. ఎంఆర్ఐ యంత్రానికి ఇసుక, గాజు కనిపించవు, నూనె కనిపిస్తుంది. గసగసాల్లో నూనె ఉంటుంది. కూరలో మసాలాకు వేసే గసగసాలతో ఇంత పెద్ద ప్రయోగం చేశారని మా విద్యార్థులకు చెప్పినప్పుడల్లా వాళ్ల ముఖాలు వెలిగేవి. వీళ్లందరికన్నా ముందే, 1831లో, మైఖేల్ ఫారడే కంపించే పలక మీద సన్నని పొడి కుప్పగా పోగుపడటం, ఆ కుప్పలో రేణువులు నడుమ ఎక్కి అంచులకు దిగుతూ తిరగడం గమనించి రాశాడు. ఆ సన్న పొడి విషయంలో గాలి పాత్ర ఉందని కూడా ఆయనే చూపాడు.

నువ్వు చెయ్యాల్సింది చెబుతాను. గోడలు నిటారుగా ఉన్న గాజు సీసా తీసుకో. కొన్ని బియ్యానికి పసుపు నీళ్లు పట్టించి ఎండలో పూర్తిగా ఆరబెట్టు. తడి ఉంటే గింజలు అతుక్కుని ప్రయోగం పాడవుతుంది. సీసాలో తెల్ల బియ్యం, మీద వేలెడు మందం పసుపు బియ్యం, మళ్లీ తెల్ల బియ్యం పొయ్యి. పైన కొంచెం ఖాళీ ఉంచు. మడతపెట్టిన తువ్వాలు మీద సీసా పెట్టి, నిలువుగా చిన్న చిన్న కుదుపులు ఇవ్వు. మెల్లగా ఎత్తి దించితే ఏమీ కాదు. కుదుపు త్వరణం గురుత్వ త్వరణాన్ని, అంటే సెకనుకు సెకనుకు 9.8 మీటర్లను, దాటాలి. అప్పుడే గింజలు అడుగును వదులుతాయి. పసుపు పట్టీ గోడ దగ్గర కిందికి సాగడం నీకు కనిపిస్తుంది. ఇంకా కుదుపుతూ పోతే కొంతసేపటికి పైభాగంలో నడుమ పసుపు గింజలు తేలతాయి. ప్రతి యాభై కుదుపులకు ఒక ఫోటో తీసి చార్టు మీద వరుసగా అంటించు.

తర్వాత ఒకే సైజు స్టీలు గ్లాసులు రెండు తీసుకుని, ఒకదాని లోపల సాండ్‌పేపర్ గరుకు వైపు గింజలకు తగిలేలా అతికించు. రెండింటిలో ఒకే సైజు నిమ్మకాయలు అడుగున పెట్టి కుదిపి, ఏది ముందు పైకి వస్తుందో కుదుపులు లెక్కపెట్టు. గోడ నునుపైతే రాపిడి తగ్గి ప్రవాహం బలహీనపడుతుంది. చివరగా గరాటు ఆకారం ఉన్న పాత్రలో చేసి చూడు. గోడలు బయటికి బాగా వాలి ఉంటే ప్రవాహం తిరగబడుతుంది, గోడ వెంట పైకి, నడుమ కిందికి. చికాగోవాళ్లు దీన్ని కూడా చూపించారు. నిమ్మకాయను ఈసారి పైన నడుమ పెట్టి, అది ఎటు పోతుందో నువ్వే రాయి.

ఇనుప గోళీ సంగతి. నీళ్లలో ఇనుము మునుగుతుంది, ఎందుకంటే నీళ్లు ఎటైనా జరిగి చోటిస్తాయి. బియ్యం అలా జరగవు, ఒకదాన్నొకటి ఆనుకుని బరువు మోస్తాయి. అందుకే బరువు ఒక్కటే ఇక్కడ తీర్పు చెప్పదు. 2001లో వచ్చిన ఒక పరిశోధనలో, ఒకే సైజు ఉండి బరువు వేరువేరుగా ఉన్న గోళాలను సన్న పూసల్లో కుదిపితే మరీ తేలికవి, మరీ బరువువి త్వరగా పైకి వచ్చాయి, నడిమి బరువున్నవి ఎక్కువసేపు తీసుకున్నాయి. పాత్రలోంచి గాలి తీసేస్తే ఆ తేడా పోయింది. సైజు, బరువు, కుదుపు ఒక తీరుగా కుదిరినప్పుడు పెద్దది అడుగుకు పోవడం కూడా జరుగుతుంది. కాబట్టి ‘పెద్దది ఎప్పుడూ పైకే’ అని చార్టు మీద రాయకు. ‘ఈ డబ్బాలో, ఈ కుదుపుకు’ అని రాయి.

ఒక బొమ్మ కూడా పెట్టు, ఇటోకవా గ్రహశకలం బొమ్మ. జపాన్ అంతరిక్ష నౌక హయబుసా 2005లో దాని దగ్గరికి పోయింది, 2010లో అక్కడి ధూళిని భూమికి తెచ్చింది. పొడవు అర కిలోమీటరు మాత్రమే. దాని మీద కొన్నిచోట్ల పెద్ద పెద్ద బండలు కుప్పలుగా, కొన్నిచోట్ల సన్న గులకరాళ్లు నునుపుగా పరిచి ఉన్నాయి. ఉల్కలు తగిలినప్పుడల్లా అదంతా అదిరి, బండలు పైకి తేలి ఉండొచ్చని శాస్త్రవేత్తలు చెప్పే కారణాల్లో ఒకటి.

ప్రశ్న: మా మిల్లులో డీస్టోనర్ దగ్గర డ్యూటీ చేస్తాను. జల్లెడ బల్ల వాలుగా ఉంటది, ఊగుతుంటది. బియ్యం కిందికి వస్తయి, రాయి వాలు మీద పైకెక్కి అటు పడుతది. బరువున్న రాయి పైకెక్కుడేంది సార్? ఒక్కోసారి రాయి బియ్యంలనే వస్తది, కారణమేంటి? (ఒక పాఠకుడు, మిర్యాలగూడ)

జవాబు: తమ్ముడూ, సాగర్ ఎడమ కాలువ కింద పండే వడ్లలో ఎంతో భాగం మీ మిర్యాలగూడ మిల్లుల్లోనే బియ్యమవుతుంది. అంత బియ్యంలో రాయి రాకుండా చూసే బల్ల దగ్గర మీరు నిలబడుతున్నారు, ఆ పని విలువ నాకు తెలుసు.

పైన చెప్పిన రెండు జవాబుల్లో సైజుదే పెత్తనం. మీ బల్ల మీద అలా కాదు. పెద్ద రాళ్లు, సన్న ఇసుక ముందున్న జల్లెడల్లోనే పోతాయి. మీ దాకా వచ్చే రాయి బియ్యపు గింజంతే ఉంటుంది, జల్లెడకు దొరకదు. మిగిలిన తేడా సాంద్రతే. అంతే చోటు పట్టే నీళ్ల బరువుతో పోలిస్తే బియ్యపు గింజ బరువు దాదాపు ఒకటిన్నర రెట్లు, మన గ్రానైటు రాయిది సుమారు 2.6 నుంచి 2.7 రెట్లు. ఈ తేడాను బయటికి తీసేది కింది ఫ్యాను గాలి. బల్ల రంధ్రాల్లోంచి వచ్చే గాలి బియ్యాన్ని కొద్దిగా పైకి తేల్చి ఉంచుతుంది, రాయిని తేల్చలేదు. రాయి బల్లకు ఆనుకునే ఉంటుంది. బల్ల ఊగే తీరు ఎలా ఉంటుందంటే, తనకు ఆనుకున్నదాన్ని ప్రతి ఊపులోనూ వాలు మీద పైవైపుకు విసురుతుంది. రాయి బల్లను అంటి ఉంది కాబట్టి ఎక్కుతుంది. బియ్యం గాలి మీద తేలుతూ ఉంది కాబట్టి ఆ విసురు దానికి తగలక, వాలు వెంట కిందికి జారుతుంది.

రాయి బియ్యంలో వస్తోందంటే మొదట చూడాల్సింది గాలినే. తవుడు, దుమ్ము పట్టి బల్ల రంధ్రాలు మూసుకుపోతే అక్కడ బియ్యం తేలదు, రాయీ బియ్యం రెండూ బల్లకు ఆనుకుంటాయి. అప్పుడు బల్లకు వాటిలో తేడా తెలియదు. బల్ల మీద ఒకచోట గింజలు కదలకుండా మందంగా కూర్చున్నట్టు కనిపిస్తే అక్కడ రంధ్రాలు పూడాయని అర్థం. గాలి మరీ ఎక్కువైనా చిక్కే, రాయి కూడా తేలిపోయి బియ్యంతో జారుతుంది. బల్ల మీదికి వచ్చే బియ్యం పొర మందం మారుతూ ఉంటే గాలి సరిచేసినా లాభం ఉండదు, కాబట్టి హాపర్ నుంచి పడే ధార ఒకేలా ఉండాలి. ఆ తర్వాతే వాలు, ఊపు చూసుకోండి. రంధ్రాలు తుడిచేటప్పుడు, వాలు సరిచేసేటప్పుడు మోటారు ఆపించి, మెయిన్ తీయించి మాత్రమే చేయి పెట్టండి. ఇది మాత్రం తప్పనిసరి.

మా అమ్మ చాటలో చెరిగేటప్పుడు గాలితో పొట్టును, నేమేటప్పుడు కుదుపుతో రాళ్లను వేరు చేసేది. మీ యంత్రం ఆ రెండు పనులనూ ఒకే బల్ల మీద చేస్తోంది.

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గర చెల్క. ప్రతి ఎండాకాలం రాళ్లేరి గట్టు మీద పోస్తం. వానాకాలం పోయేసరికి మళ్లీ అన్నే రాళ్లు. భూమి లోపల నుంచి మొలుస్తున్నయా? మీరు చెప్పే కుదుపే ఇదీనా? (ఒక రైతు)

జవాబు: అన్నా, కొంత అదే, చాలావరకు వేరే. చలి దేశాల్లో పొలాల్లో రాళ్లు పైకి రావడానికి మంచు కారణం. రాయి కింద నీళ్లు గడ్డకట్టి ఉబ్బి రాయిని లేపుతాయి, కరిగేటప్పుడు ఆ ఖాళీలోకి సన్న మన్ను చేరుతుంది. మనకు నేల గడ్డకట్టే చలి లేదు.

మీ ఎర్రచెల్కలో మొదటి కారణం వాన. వాలు మీద పడ్డ పెద్ద వాన సన్న మన్నును కొట్టుకుపోతుంది, రాయి ఉన్నచోటే ఉంటుంది. రాయి పైకి రాలేదు, దాని మీదున్న మన్ను పోయింది. రెండోది ట్రాక్టర్ కల్టివేటర్. దాని పళ్లు మట్టిని కుళ్లగిస్తూ పోతుంటే సన్న మన్ను సందుల్లోంచి కిందికి రాలుతుంది, గడ్డలూ రాళ్లూ మీద తేలతాయి. వనపర్తి అమ్మ డబ్బాలో జరిగిందే ఇక్కడా జరుగుతోంది. నల్లరేగడిలో అయితే మూడో కారణం కూడా ఉంటుంది. ఎండకు పగుళ్లు విచ్చినప్పుడు సన్న మన్ను వాటిలోకి రాలుతుంది, రాయి పట్టదు. వానకు ఆ మన్ను ఉబ్బి రాళ్లను మీదికి నెడుతుంది.

నాకు బాధ కలిగించేది రాళ్లు కాదు, పోయే మన్ను. ఏరిన రాళ్లను ఒక మూలన కుప్ప పోయకుండా, వాలుకు అడ్డంగా, ఒకే ఎత్తులో సాగేలా వరుసగా పేర్చండి. నీళ్లు రాళ్ల సందుల్లోంచి మెల్లగా పోతాయి, మన్ను వెనక ఆగుతుంది. దున్నడం కూడా వాలు వెంట కాకుండా అడ్డంగానే చేయించండి. రాళ్లు పూర్తిగా ఆగుతాయని చెప్పను. ఏటా తేలేవి తగ్గుతాయి.

ప్రశ్న: మా చిన్నప్పుడు వడ్లు, జొన్నలు మానికతోనే కొలిచేవాళ్లు. అమ్మేవాడు మెల్లగా పోసి అంచుకు సమం చేసేవాడు. కొనేవాడు కుదిపి పొయ్యమని కొట్లాడేవాడు. కుదిపితే నిజంగా అంత తేడా వస్తుందా? (ఒక పెద్దాయన, నల్లగొండ)

జవాబు: వస్తుందండీ. గుండ్రని గోళీలను మెల్లగా పోస్తే పాత్రలో సుమారు 60 శాతమే గోళీలు, మిగతాది గాలి. అదే పాత్రను కుదుపుతూ నింపితే 64 శాతం దాకా పోతుంది. అంటే అదే మానికలో పదిహేనో వంతు అదనం. పదిహేను మానికలు కొన్నవాడికి ఇంకో మానిక దక్కినట్టు. గింజ ఆకారాన్ని బట్టి ఈ అంకెలు మారతాయి, కానీ తేడా ఉండటం మాత్రం ఖాయం. కొనేవాడి కొట్లాట న్యాయమైనదే.

గోళీలను ఒక్కోటి చేత్తో పేర్చితే 74 శాతం దాకా పట్టించవచ్చు. అంతకు మించి పట్టదని 1611లో కెప్లర్ ఊహించాడు, థామస్ హేల్స్ 1998లో రుజువు చేశాడు. ఊరికే పోసి కుదిపితే ఆ 74 రాదు, 64 దగ్గర చిక్కుబడుతుంది. ఆ 64 కూడా ఒక్కసారిగా రాదు. మొదటి కొద్ది కుదుపుల్లోనే చాలావరకు దిగి, తర్వాత వేల కుదుపులకు కూడా చాలా నెమ్మదిగా దిగుతూనే ఉంటుంది. కాబట్టి మానికను గట్టిగా ఓ పది దెబ్బలు వేయించినవాడికి రావలసిందాంట్లో ఎక్కువభాగం వచ్చేసినట్టే. ఇప్పుడు కిలోల్లో తూస్తున్నాం కాబట్టి కుదుపుతో పని లేదు. మీ ఇంట్లో ఆ పాత మానిక ఉంటే ఒకసారి మెల్లగా పోసి, ఒకసారి కుదిపి నింపి, రెండుసార్లూ తక్కెడలో తూచి చూడండి. మీ ఇంట్లో తినే బియ్యానికి ఎంత తేడా వచ్చిందో రాసి పంపితే వచ్చే సంచికలో వేస్తాను.